ఆజాద్ వీసా ఓడ

పన్నెండో రోజు పొద్దుగాల కండ్లు తెరవంగానే నా భార్య అడిగింది: "ఇగో, ఇయ్యాల ఏం వారం?"

నాకు తెలియలేదు. గంభీరావుపేట చుట్టుపక్కల బళ్లలో ముప్పై రెండేండ్లు పంతులుగిరీ చేసినవాణ్ని. బోర్డు మీద వారమూ తేదీ రాయనిదే పాఠం మొదలుపెట్టని మనిషిని. లుంగీ మీదనే బయటికి నడిచి లిఫ్టు మీట నొక్కాను. తలుపులు తెరుచుకుంటే లోపల పరిచిన పట్టా మీద జానెడేసి అక్షరాలు: గురువారం. వెనక్కి వచ్చి చెప్పాను.

"ఎవలు చెప్పిండ్రు?"

"కాళ్లు తుడుచుకునే పట్టా."

ఆ ఓడలో రోజూ నడిరాత్రి ఎవరో ఒకరు వచ్చి పాత వారాన్ని చుట్టి చంకలో పెట్టుకుని, కొత్త వారాన్ని పరిచి పోతారు. వారం పేరు మరిచిపోయేంత సుఖాన్ని అమ్మినవాళ్లే, మరిచిన పేరును మన కాళ్ల కింద పరిచే పని కూడా టికెట్టులో కలిపేశారు. పరిచే మనిషికి మాత్రం ఆ ఏడు పట్టాల్లో ఒక్కటీ సెలవు దినం కాదు. ఆ సంగతి తర్వాత తెలిసింది.

మా కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. "బాపూ, జిందగీల ఒక్కసారన్న సముద్రం మీద పోవాలె" అని ఫ్లోరిడా నుంచి పద్నాలుగు రాత్రుల కరీబియన్ క్రూజు బుక్ చేశాడు. నీళ్లంటే మాకు ఎగువ మానేరే. వానలు బాగా పడ్డ ఏడు నర్మాల కట్ట మీద నిలబడి మత్తడి దుంకుతుంటే చూసి, మక్కకంకి కొరుక్కుంటూ ఇంటికి రావడమే మా మండలం మొత్తానికి క్రూజు. 2025 ఆగస్టు చివర్లో అదే మానేరు తిరగబడి ఐదుగురు రైతుల్ని నీళ్ల నడుమ నిలబెడితే, హెలికాప్టర్లు వచ్చి ఒడ్డుకు చేర్చాల్సి వచ్చింది. నర్మాలలో నీళ్ల నడుమ ఇరుక్కుంటే ఆపద. ఫ్లోరిడాలో అడ్వాన్సు కట్టి ఇరుక్కుంటే విహారం.

మా ఊళ్లో 2023లో కేజీ నుంచి పీజీ దాకా ఒకే ప్రాంగణంలో చదువు అని పెద్ద బడి తెరిచారు. ఓడలో నడిచేది పీజీ టు కేజీ. ఎమ్మెస్సులు, ఎంబీఏలు, గుండె డాక్టర్లు ఎక్కుతారు. పన్నెండో రోజుకల్లా అందరూ ఒకటో తరగతి మెట్టు కూడా దిగి అంగన్‌వాడీలో కూర్చుంటారు. మెడలో తాడుకు కార్డు. అన్నం హాలు గుమ్మంలో ఒకామె చేతులు కడుక్కొమ్మని పాట పాడుతుంది, యాభై ఏండ్లవాళ్లు రెండు చేతులూ చాపి బుద్ధిగా నిలబడతారు. మైకులో ఇప్పుడు ఆట అంటారు, ఇప్పుడు డ్యాన్సు అంటారు, ఇప్పుడు ఐస్‌క్రీమంటారు. అంగన్‌వాడీలో ఉండి ఇక్కడ లేనిది ఒక్క ఏడుపే. దాన్ని ఆఖరి రాత్రికి దాచి ఉంచారు, బిల్లుతో పాటు.

మా సీతారామస్వామి గుడిలో నందాదీపం ఏడు వందల ఏండ్లుగా కొండెక్కలేదని ఊరు చెప్పుకుంటుంది. ఓడలో కొండెక్కనిది పొయ్యి. మొదటి రోజు మనిషి ఆకలై తింటాడు. మూడో రోజు ఆశకొద్దీ తింటాడు. ఏడో రోజు కట్టిన పైసలు రాబట్టుకోవడానికి తింటాడు. పన్నెండో రోజు అతను తినడు, అతని చెయ్యి తింటుంది. మాతో వచ్చిన నాలుగు తెలుగు కుటుంబాల్లో ఒకటి కోరుట్ల, ఒకటి జగిత్యాల. జగిత్యాల ఆయన ప్రతి ప్లేటునూ డాలర్లలోకి మార్చి చూసుకునేవాడు. "ఇప్పటికి ఇడువుడు లేకుంట తింటే టికెట్టుల సగం వచ్చింది సారూ" అని పదో రోజు నాతో అన్నాడు. మిగతా సగం కోసం ఆయన పడ్డ కష్టం చూస్తే, సాఫ్ట్‌వేరులో అంత కష్టపడి ఉంటే కంపెనీయే ఆయనదయ్యేది.

తిన్నది సరే, వదిలేసింది? మా దగ్గర పెండ్లి బంతిలో విస్తట్లో అన్నం వదిలితే పక్కన కూర్చున్న ముసలవ్వ నాలుగు తిడుతుంది. అక్కడ ముసలవ్వ బదులు అంతర్జాతీయ నిబంధన ఉంది. కరీబియన్ సముద్రాన్ని ప్రత్యేక ప్రాంతంగా గుర్తించారు కాబట్టి, మిగిలిన తిండిని 25 మిల్లీమీటర్ల జల్లెడలోంచి దిగేంత సన్నగా రుబ్బి, తీరానికి 12 నాటికల్ మైళ్ల అవతల మాత్రమే నీళ్లలో వదలాలి. అంటే మనం ముట్టుకుని వదిలేసిన కేకు, రొయ్య, పరమాన్నం అన్నీ కలిపి రుబ్బిన పచ్చడి ఓడ వెనకాల తోవ పొడుగునా పడుతూ ఉంటుంది. ఆ సముద్రంలో బఫేకి టిప్పు కట్టనివి చేపలొక్కటే.

చేపలొక్కటేనా అన్న సంగతికి మళ్లీ వస్తాను.

ముందు దస్తీ గురించి చెప్పాలి. సిద్దిపేట బస్సు స్టాండులోకి ఇంకా తిరగకముందే కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపుకోవడం మన విద్యే అనుకుని ఇన్నాళ్లూ లోలోపల సిగ్గుపడేవాణ్ని. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు బస్సు ఉచితమయ్యాక మగవాడి దస్తీకి బొత్తిగా విలువ పోయిందనుకోండి, అది వేరే కథ. ఓడ ఎక్కాక సిగ్గు పోయింది. తెల్లవారక ముందే తెల్లదొరలు లేచి ఈత కొలను చుట్టూ ఉన్న కుర్చీల మీద తువ్వాల, తువ్వాల మీద ఒక పుస్తకం, పుస్తకం మీద ఒంటి చెప్పు పెట్టి పోతారు. కామారెడ్డి బస్సులో దస్తీ వేసినవాడు కనీసం ఎక్కి కూర్చుంటాడు. వీళ్లు దస్తీ వేసి మళ్లీ వెళ్లి పడుకుంటారు. పదకొండింటికి నాలుగు వందల తువ్వాలలు ఎండ కాగుతుంటాయి, మనుషులు నీడలో నిలబడి ఉంటారు. పన్నెండో రోజు నా భార్య తన శాలువా వేసి రెండు కుర్చీలు పట్టింది. ఒక దొర వచ్చి ఏదో గొణిగాడు. "నేను ముందుగాల ఏసిన" అంది తెలుగులోనే. ఆయన వెళ్లిపోయాడు. ఆర్టీసీ భాషకు తర్జుమా అక్కర్లేదు.

పదకొండో రోజు గ్వాడెలూప్ దీవి దగ్గర ఆగాం. ఫ్రాన్సువాళ్ల దీవి. మా గుంపు దిగి చేసిన మొదటి పని ఇండియన్ హోటల్ వెతకడం, రెండో పని ఫ్రిజ్‌కు అంటించే అయస్కాంతం బొమ్మలు కొనడం. "బాపూ, మన తెలుగోళ్లల్ల ఈడిదాక అచ్చింది మనమే ఫస్టు జనరేషన్" అన్నాడు కొడుకు. పంతులు బుద్ధి ఊరుకోదు కదా, చెప్పాను. 1848లో ఫ్రాన్సు తన వలసల్లో బానిసత్వం రద్దు చేశాక చెరుకు తోటలకు మనుషులు కావాల్సి వచ్చింది. 1854 డిసెంబరులో ఒరేలీ అనే ఓడ మూడు వందల పైచిలుకు భారతీయ కూలీలను తెచ్చి ఈ దీవిలోనే దించింది. తర్వాతి ముప్పై అయిదేండ్లలో నలభై వేలు దాటారు. ఎక్కువ మంది దక్షిణాదివాళ్లు, తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. అయిదేండ్ల కాంట్రాక్టు. ఊరి అమ్మవారిని కూడా వెంట తెచ్చుకున్నారు. మారియమ్మన్‌ని వాళ్ల మనవళ్లు ఇప్పటికీ మాలియేమిన్ పేరుతో కొలుస్తారు. అక్కడ కూరను కొలంబో అంటారు. వాళ్లకు కూడా ఓడలో తిండి టికెట్టులో కలిపే ఉండింది. తిరుగు టికెట్టే చాలామందికి అందలేదు.

కొడుకు అంతా విని, "అయితె కొలంబో వెజ్ దొరుకుతదా?" అన్నాడు.

ఇక ఆఖరి రెండు రోజులు. ఓడ దారిలో దీవులు అయిపోయాయి, అమ్మడానికి ఇంకా సరుకు ఉంది. నడవాల్లో బల్లలు వేశారు. గడియారాలు, బొమ్మల వేలంపాట, అంగుళం లెక్కన బంగారు గొలుసు. నా భార్య తులం ఎంత అని అడిగింది. అమ్మే పిల్ల టేపు తీసింది. బంగారాన్ని గుడ్డలాగ కొలిచి అమ్మొచ్చన్న ఉపాయం ఇన్నేండ్లూ సాంచాలు నడిపిన సిరిసిల్లకు కూడా తట్టలేదు. తట్టి ఉంటే బతుకమ్మ చీరల బిల్లుల కోసం ఎదురుచూసే బాధ తప్పేది. అది బంగారం కాదని, పూత అని దగ్గరికి వెళ్తే తెలిసింది. అప్పటికే కోరుట్ల ఆమె పన్నెండంగుళాలు కొన్నది.

మా గది సర్దే పిల్లగాడు గోవా వాడు. రోజూ సాయంత్రం మేం తిని వచ్చేసరికి మంచం మీద తువ్వాలతో ఒక జంతువును చేసి పెట్టేవాడు. ఒక రోజు ఏనుగు, ఒక రోజు కోతి, ఒక రోజు ఏదో తెలియక మా మనవడు డైనోసార్ అని పేరు పెట్టాడు. రోజూ పద్దెనిమిది గదులు, రెండు పూటలు. ఎనిమిది నెలల కాంట్రాక్టు, సెలవు దినమన్నది లేదు. "ఇది ఎన్నో ఏనుగురా?" అని హిందీలో అడిగితే నవ్వాడు, చెప్పలేదు. పదమూడో రోజు మాత్రం తానే ఒక మాట అడిగాడు. అభిప్రాయాల ఫారం వస్తుంది, పదికి పది వేయండి అంకుల్, తొమ్మిది వేస్తే ఫెయిలైనట్టే అని. నా సర్వీసులో ముప్పై అయిదు మార్కులకే పిల్లల్ని గట్టెక్కించాను. తొంభై శాతానికి ఫెయిల్ చేసే బడి ఆ ఓడ ఒక్కటే.

పని గంటల లెక్క నేనే తీశాను. 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందం ఒకటుంది. దేశాలు దాన్ని రెండు రకాలుగా అమలు చేయొచ్చు. పని లెక్కన చూస్తే వారానికి 72 గంటలు దాటొద్దు. విశ్రాంతి లెక్కన చూస్తే వారానికి 77 గంటల విశ్రాంతి ఇస్తే చాలు. వారానికి 168 గంటలు. తీసివేత అయిదో తరగతి పిల్లలకు కూడా వచ్చు: 91. ఒకే చట్టం, ఒకే మనిషి, ఒకే తువ్వాల. పుస్తకాన్ని ఈ చివర నుంచి చదివితే 72, ఆ చివర నుంచి చదివితే 91.

ఆఖరి సాయంత్రం ఓడ ఆఫీసు ముందు పెద్ద లైను కనిపించింది. తలకి రోజుకి పదహారు డాలర్ల చొప్పున సేవకుల టిప్పు వాళ్లే మన బిల్లులో కలుపుతారు. వద్దంటే తీసేయించుకోవచ్చు. ఆ లైను అందుకే. మావాళ్లంతా అందులోనే ఉన్నారు. "జీతం ఇస్తలేరా ఏంది ఆళ్లకు?" అన్నాడు జగిత్యాల ఆయన. పద్నాలుగు రాత్రులు ఆయన వదిలేసిన ప్లేట్లు తీసినవాళ్ల గురించి ఆ మాట. ఇదే మనిషి సొంత ఊరి గుడికి చందా ఇచ్చి పాలరాయి మీద తాత పేరు, తండ్రి పేరు, తన పేరు, అమెరికా ఊరి పేరు చెక్కించుకున్నాడని ఓడలోనే ఫోటో చూపించాడు. గుడికి ఫ్యాను ఇచ్చి మూడు రెక్కల మీదా పేరు రాయించుకునే జాతి మనది. గాలి సంగతి తర్వాత, ముందు పేరు తిరగాలి. టిప్పు మీద పేరు రాసే ఏర్పాటు ఆ ఓడలో లేదు, లోపం అక్కడుంది.

నన్ను కూడా పంపాడు కొడుకు. "బాపూ, నువ్వు లైన్ల నిలబడు, నేను బ్యాగులు సదురుత." అయిదుగురికి పద్నాలుగు రాత్రులకి 1,120 డాలర్లు. రూపాయల్లోకి మార్చి చూశాను, లక్షకు కాస్త అటూ ఇటూ. చూశాక నిలబడ్డాను. ముప్పావు గంట నిలబడ్డాను. లైను కదలలేదు, మోకాళ్లు పట్టేశాయి, ఐస్‌క్రీము కౌంటరు మూసే వేళ అవుతోంది. వెనక్కి వచ్చేశాను. గోవా పిల్లగాడి టిప్పు అలా దక్కింది. నాకు దయ పుట్టి కాదు, వాతం పుట్టి. వాడికి రెంటికీ తేడా తెలియదు, తెలియాల్సిన పని కూడా లేదు.

రాత్రి పదింటికల్లా రంగు చీటీలు కట్టిన బ్యాగులు గుమ్మం బయట పెట్టాలి. పొద్దుగాల రంగుల వారీగా పిలిచి దించేస్తారు. నిన్నటి దాకా "మీరు మా కుటుంబం" అన్న మైకే "ఆకుపచ్చ చీటీవాళ్లు కదలండి" అంటుంది. మేం దిగుతుంటే అవతలి గుమ్మం దగ్గర కొత్త కుటుంబం నాలుగైదు వేల మంది నిలబడి ఉన్నారు. మా గది ముందు గోవా పిల్లగాడు దుప్పట్లు మారుస్తున్నాడు. నమస్తే పెట్టాను. రెండు చేతుల్లోనూ దుప్పట్లుండి తల ఊపాడు.

ఊరికి వచ్చిన వారానికి బస్టాండు ముందు చాయ్ హోటల్లో కథ మొదలుపెట్టాను. ఇరవై అంతస్తులు, ఏడు కొలనులు అని ఊదరగొడుతున్నాను. నిజానికి ఆ లెక్కలు మేమెక్కిన ఓడవి కావు. 2024 జనవరిలో మయామి నుంచి మొదటిసారి బయల్దేరిన ఐకాన్ ఆఫ్ ది సీస్‌వి. 7,600 మంది ప్రయాణికులు పట్టేది, 2,350 మంది పనివాళ్లు ఉండేది అదే. చాయ్ హోటల్లో ఆ మాత్రం కల్పించడం ఆచారం. అందరూ నోరు తెరిచి వింటున్నారు, ఒక్కడు తప్ప. పన్నెండేండ్లు దుబాయిలో, రెండేండ్లు మస్కట్‌లో చేసి వచ్చినవాడు. నా దగ్గరే ఏడో తరగతి చదివాడు. అతను అడిగినవి వేరే.

"సారూ, పనోళ్లు రూముకి ఎంతమంది?"

"ఇద్దరు ముగ్గురు. అడుగున, నీటి మట్టం కింద."

"నయమే. మేం పన్నెండు మందిమి. పాసుపోర్టు ఎవల దగ్గర?"

"ఓడ ఆఫీసుల ఉంటదన్నడు."

"ఆఁ. ఓడ ఎవలది?"

"మయామి కంపెనీ."

"జెండా?"

జెండా బహామాస్‌ది. అది చెప్పేసరికి అతను చాయ్ గ్లాసు కింద పెట్టాడు. నాకు తెలిసినంతవరకు విడమరిచాను. పెద్ద కంపెనీలు మూడింటికీ ఆఫీసులు మయామిలోనే. కాయితాల మీద మాత్రం కార్నివాల్ పనామాలో పుట్టింది, రాయల్ కరీబియన్ లైబీరియాలో పుట్టింది, నార్వేజియన్ పేరుకు నార్వే, పుట్టుక బెర్ముడా. ఓడ తోకకు పనామా జెండానో బహామాస్ జెండానో ఉంటుంది. కాయితం మీద పరాయివాళ్లు కాబట్టి అమెరికా ఆదాయపు పన్ను చాలావరకు అంటదు, అమెరికా కూలి చట్టాలు అంతకన్నా అంటవు. 2025 ఫిబ్రవరిలో అమెరికా వాణిజ్య మంత్రి హోవర్డ్ లుట్నిక్ ఈ ఓడలు పన్ను కట్టడం లేదు, ఇక ఈ ఆట కట్టు అని టీవీలో ఒక్క మాట అనేసరికి వాళ్ల షేర్లు ఢమాలున పడ్డాయి కూడా.

"అంటే ఆజాద్ వీసా ఓడన్నట్టు" అన్నాడు.

హోటల్లో సగం మంది పకపక నవ్వారు. మా దిక్కు ఈ మాట ఎవరికీ విప్పి చెప్పనక్కర్లేదు. పేరుకు వీసా ఇచ్చే యజమాని ఒక కఫీల్, వాడికి ఏటా ఇంత ముట్టజెప్పి బయట ఎక్కడో పని.

"మరి ఒక్క దేశం నుంచి పోయి అదే దేశానికి వస్తె, నడుమ దీవులెందుకు తగులుడు?"

అదీ చట్టమే. 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం పరాయి జెండా ఓడ నడుమ ఎక్కడా పరాయి గడ్డను తాకకుండా అమెరికా రేవుల మధ్య జనాన్ని తిప్పకూడదు. అందుకని ఎక్కడో ఒక దీవి గుమ్మం తొక్కి రావాలి.

"కిష్" అన్నాడు అతను వెంటనే.

దుబాయికి విజిట్ వీసా మీద పోయినవాళ్లు గడువు తీరితే ఇరాన్‌వాళ్ల కిష్ దీవికి పోయి, అక్కడ కొత్త వీసా వచ్చే దాకా మూలిగి, మళ్లీ రావడం అతనికి తెలుసు. అతనే పదహారు రోజులు ఉన్నాడట. "మేం కిష్‌ల రొట్టె, చాయ్ మీద ఉన్నం. మీరు ఫ్రిజ్ బొమ్మలు కొన్నరు. తోవ ఒకటే" అన్నాడు. కాసేపాగి మళ్లీ: "సారూ, మేం ఆజాద్ వీసా మీద బయట పని చేస్తె కల్లివెల్లి అంటరు. దొరికితె జైల్ల ఏస్తరు. మరి ఓడనేమంటరు?"

"షేర్ మార్కెట్ల ఏస్తరు" అన్నాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు. పక్క బల్ల మీది ముసలాయన కొడుకు కువైట్‌లో పోయాడు. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల ఇంటికి 5 లక్షలు ఇస్తామని 2024లో సర్కారు ఉత్తర్వు తీసింది కదా, దానికోసం ఆయన కాయితాల కవరు చంకలో పెట్టుకుని సిరిసిల్ల బస్సు కోసం చూస్తున్నాడు.

మాట మార్చడానికి తువ్వాల ఏనుగు గురించి ఎత్తుకున్నాను. ఎంత ముచ్చటగా ఉండేదో, తొండం ఎట్లా తిరిగేదో, మా మనవడు ఎట్లా గంతులేసేవాడో చెబుతున్నాను. అతను నా భుజం మీది తువ్వాల మెల్లగా లాగాడు. బల్ల మీద పరిచి రెండు వైపులా చుట్టాడు, మడిచాడు, నోటితో ఒక కొస పట్టి లాగి, వేళ్లతో చెవులు తీశాడు. నిమిషం పట్టలేదు. చాయ్ గ్లాసుల నడుమ ఏనుగు నిలబడింది. మా ఓడ ఏనుగు కన్నా తొండం బాగా కుదిరింది.

"హోటల్ల హౌస్ కీపింగ్ చేసిన సారూ, పన్నెండేండ్లు. గిట్ల కోతులు, హంసలు గూడ అస్తయి" అన్నాడు. "హంసకు రెండు తువ్వాలలు గావాలె."

నేను ఏమనాలా అని చూస్తున్నాను. ఇంతలో సిరిసిల్ల బస్సు వచ్చింది. ముసలాయన కవరు పట్టుకుని లేవబోతే ఆయన మోచెయ్యి తగిలి గ్లాసు పల్టీ కొట్టింది, చాయ్ బల్ల మీద పారింది. హోటల్ పిల్లగాడు పరుగెత్తుకొచ్చి, చేతికి అందిన ఏనుగుతోనే బల్ల తుడిచేశాడు.